నాన్న మెడ నరంలో 70 శాతం బ్లాక్ అంట, ఒక డాక్టర్ కొయ్యాలంటున్నాడు, ఇంకో డాక్టర్ వద్దంటున్నాడు

కోడింగ్_కష్టాలు
మా నాన్నకి 68. షుగర్, బీపీ రెండూ పాతవే. సిగరెట్ మానేశానంటాడు కానీ చొక్కా వాసన వేరే కథ చెప్తుంది. ఈమధ్య హెల్త్ చెకప్ ప్యాకేజీ చేయిస్తే అందులో మెడకి డాప్లర్ అనే స్కాన్ కూడా ఉందని చేసేశారు, ఎడమ పక్క ఇంటర్నల్ కరోటిడ్‌లో, అదే మెదడుకి రక్తం తీసుకెళ్లే నాళంలో, 70 శాతం పైన బ్లాక్ అని వచ్చింది, కుడి పక్క 50 లోపే. ఆ రిపోర్ట్ పట్టుకుని సర్జన్ దగ్గరికెళ్తే మెడలో బాంబు పెట్టుకుని తిరుగుతున్నారు, ఈ వారంలోనే ఆపరేషన్ చేయించెయ్యండి అన్నాడు. మా ఫిజీషియనేమో లక్షణాల్లేవు కదా, మందులేసుకుంటే సరిపోతుంది, కంగారు పడకండి అంటాడు. ఇద్దరూ పేరున్న డాక్టర్లే. ఇంట్లో అందరూ నా మొహం చూస్తున్నారు, నేనేమో గూగుల్ మొహం చూస్తున్నా. ఎవరిళ్లల్లో అయినా ఇది జరిగిందా, ఏం చేశారు?

బీపీ_బాసు
ముందు ఒక్కటి చెప్పు తమ్ముడూ. గత ఆర్నెల్లలో ఆయనకి ఒక చెయ్యో కాలో పట్టు తప్పడం, మూతి ఒక పక్కకి లాగడం, మాట ముద్దగా రావడం, నోటిదాకా వచ్చిన మాట అందకపోవడం, ఒక కంటికి తెర దించినట్టు చీకటి కమ్మి మళ్లీ మామూలైపోవడం, వీటిల్లో ఏదైనా జరిగిందా? ఐదు నిమిషాలే ఉన్నా సరే. శాతం కంటే ముందు తేలాల్సింది ఇది.

కోడింగ్_కష్టాలు
అడిగా అన్నా. అలాంటివేం లేవన్నాడు. పొద్దున మంచం మీంచి లేచినప్పుడు కాస్త తల తిరుగుతుందంట, అంతే.

నైట్‌డ్యూటీ_సిస్టర్
ఉత్త తల తిరగడం దీని లెక్కలోకి రాదు. కరోటిడ్ నుంచి రక్తం వెళ్లేది మెదడు ముందు భాగానికి, అదే పక్క కంటికి. తూలిపోకుండా నిలబెట్టే భాగం వెనకాల ఉంటుంది, దానికి మెడ వెన్నెముక పక్కనుంచి వెళ్లే వేరే నాళాలు ఉన్నాయి. లేచినప్పుడే తిరుగుతోందంటే పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు ఒకసారి బీపీ చూడండి, పై అంకె 20 పడిపోతుంటే అది బీపీ మాత్రల డోసు గొడవో షుగర్ వల్ల నరాల గొడవో అయ్యుంటుంది. చాలామంది పేషంట్లు తల తిరిగిందని వచ్చి మెడ స్కాన్ చేయించుకుని, ఎప్పట్నుంచో ఉన్న బ్లాక్ బయటపడగానే దీనివల్లే తిరిగింది అనేసుకుంటారు.

పక్కింటి_పంతులు
అలా ఎలా తీసిపారేస్తారు మేడం. మా బావమరిదికి తల తిరుగుతోందనే స్కాన్ రాశారు, బ్లాక్ దొరికింది, స్టెంట్ వేశారు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
తల తిరగడం తగ్గిందా మరి?

పక్కింటి_పంతులు
లేదు. ఇప్పటికీ తిరుగుతోంది.

చిన్నోడు_77
హహహ పంతులు గారూ, మీరు ఎవరి తరఫున వాదిస్తున్నారండీ

డాప్లర్_బాబు
ఈ స్కాన్లు తీయడమే నా పని కాబట్టి రిపోర్ట్ గురించి రెండు ముక్కలు. డాప్లర్‌లో శాతాన్ని ఎవరూ టేపు పెట్టి కొలవరు. సందు ఇరుకైన చోట రక్తం వేగం పెరుగుతుంది, ఆ వేగాన్ని బట్టి శాతం అంచనా కడతాం. సెకనుకి 125 సెంటీమీటర్లు దాటితే 50 శాతం పైన, 230 దాటితే 70 పైన, చాలా చోట్ల ఇదే లెక్క. మీ నాన్నగారి రిపోర్ట్‌లో పీఎస్‌వీ అని ఒక అంకె ఉంటుంది చూడండి, ఆ వేగమే అది. అది 235 ఉన్నా 70 పైనే, 400 ఉన్నా 70 పైనే, కానీ రెండూ ఒకటి కావు. దానికి తోడు కాల్షియం గట్టిగా పేరుకుంటే నీడ పడి మాకు లోపల కనపడదు, అవతలి పక్క నాళం మూసుకుపోయి ఉంటే ఇటు వేగం ఉత్తినే ఎక్కువ చూపిస్తుంది. అందుకే కత్తి పట్టే ముందు సీటీ యాంజియో గానీ ఎంఆర్ యాంజియో గానీ తీసి రూఢి చేసుకోవాలి. షుగర్ ఉందన్నారు కాబట్టి సీటీకి వెళ్లే ముందు కిడ్నీ టెస్ట్ క్రియాటినిన్ చూపించండి, షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ వేసుకుంటుంటే ఆ సంగతి వాళ్లకి ముందే చెప్పండి.

ఇంకోటి, ప్లాక్, అంటే నాళం లోపల పేరుకున్న కొవ్వు ముద్ద, ఎలాంటిదని రాశారు? మెత్తగా, నల్లగా, పైన పుండు పడినట్టు ఉంటే దాని మీద నాకు భయం ఎక్కువ. గట్టిపడి తెల్లగా ఉన్నది చాలాసార్లు అలాగే పడి ఉంటుంది. స్ట్రోక్ ఎక్కువగా వచ్చేది నాళం మూసుకుపోయి కాదు, ఆ ప్లాక్ పగిలి, దాని మీద గడ్డ కట్టి, ఓ ముక్క విడిపోయి మెదడులోకి ఎగిరిపోవడం వల్ల.

కోడింగ్_కష్టాలు
పీఎస్‌వీ 262 ఉంది. ప్లాక్ దగ్గర మిక్స్‌డ్ అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు.

డాప్లర్_బాబు
ఒక్క ముక్క రాసి ఊరుకోవడం మా వాళ్లకి అలవాటే లెండి.

పాత_రేడియో
రిటైరయ్యాక నాకు పనేం లేదు కాబట్టి దీని మీద వచ్చిన స్టడీలు కూర్చుని చదివా, మా ఆవిడకి 60 శాతం ఉందని తేలినప్పటి నుంచి. మీ ఇద్దరు డాక్టర్లలో ఎవరూ తప్పు చెప్పలేదు, రెండు వేర్వేరు కాలాల లెక్కలు చెప్తున్నారంతే.

లక్షణాలు వచ్చిన వాళ్ల సంగతి 1991లోనే తేలిపోయింది. నాసెట్ అని అమెరికా, కెనడా కలిసి చేసిన స్టడీ. 70 శాతం పైన బ్లాక్ ఉండి, అంతకుముందే చిన్న స్ట్రోకో మినీ స్ట్రోకో వచ్చినవాళ్లలో, మందులు మాత్రమే వాడితే రెండేళ్లలో 26 శాతం మందికి ఆ పక్కే స్ట్రోక్ వచ్చింది, ఆపరేషన్ చేసినవాళ్లలో 9 శాతానికే. అంత తేడా ఉన్నప్పుడు ఇక వాదనేముంది.

లక్షణాలు లేనివాళ్ల సంగతే పేచీ. 2004లో ఏసీఎస్‌టీ అని వచ్చింది, ఐదేళ్లలో స్ట్రోకో ఆపరేషన్ టైంలో మరణమో ఆపరేషన్ చేసినవాళ్లకి 6.4 శాతం, చెయ్యనివాళ్లకి 11.8 శాతం. అంటే ఐదేళ్ల మీద 100 మందికి ఐదుగురు. కానీ ఆ రోజుల్లో కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్లు ఇప్పుడు వాడినంత గట్టిగా వాడేవాళ్లు కాదు. ఇప్పుడు మందులు సరిగ్గా వేసుకుంటే ఏడాదికి 100 మందిలో ఒకరు, కాస్త అటూఇటూ. సర్జన్ గారి బుర్రలో పాత లెక్క ఉంది, ఫిజీషియన్ గారి బుర్రలో కొత్త లెక్క ఉంది.

బీపీ_బాసు
రేడియో గారూ, మీ కొత్త లెక్క కూడా కాస్త పాతబడింది. 2025 నవంబర్‌లో క్రెస్ట్-2 అనే స్టడీ వచ్చింది కదా. లక్షణాల్లేని 70 శాతం పైవాళ్లు, అందరికీ గట్టి మందులు, కొందరికి అదనంగా స్టెంటో ఆపరేషనో. నాలుగేళ్లకి చూస్తే స్ట్రోక్ లెక్క స్టెంట్ వైపు 6 శాతం నుంచి 2.8కి తగ్గింది. ఆపరేషన్ వైపు 5.3కి 3.7, అక్కడ తేడా ఉందని గట్టిగా చెప్పలేం అని తేల్చారు.

పాత_రేడియో
చదివా చదివా. కానీ అందులో స్టెంట్లు వేసిన డాక్టర్లని ముందే వడపోసి తీసుకున్నారు, ఎవరంటే వాళ్లని రానివ్వలేదు. మా వీధి చివర ఆస్పత్రిలో వేసేవాడికి ఆ అంకెలు వర్తిస్తాయా? పైగా స్టెంట్ పడిన మొదటి నెలన్నరలో వచ్చే స్ట్రోకులు ఉన్నాయి చూడండి, మందుల వాళ్లకి ఆ గండం లేదు. ఆ గండం దాటాక వచ్చే లాభం అది.

చిన్నోడు_77
100 మందిలో ముగ్గురికి తగ్గుతుందని మిగతా 97 మంది స్టెంట్ వేయించుకోవాలా. నా ఓటు మందులకే

మౌనిక_కె
ఆ ముగ్గురిలో మీ నాన్న ఉంటే ఇలాగే అంటారా?

చిన్నోడు_77
ఆపరేషన్ బల్ల మీద స్ట్రోక్ వచ్చే ఇద్దరిలో ఉంటేనో? అటూ ఇటూ రెండూ ఉన్నాయి అక్కా, అందుకే లెక్క చూడాలి అంటున్నా

నైట్‌డ్యూటీ_సిస్టర్
ఇద్దరూ ఆగండి. లక్షణాల్లేని మనిషికి ఆపరేషన్‌లో స్ట్రోక్, మరణం కలిపి 3 శాతం లోపు ఉన్న చోటే చెయ్యాలి అన్నది అందరూ ఒప్పుకున్న గీత. లక్షణాలున్నవాళ్లకైతే 6 శాతం లోపు. కాబట్టి సర్జన్‌ని మొహమాటం లేకుండా అడగాలి, మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు, మీ చేతిలో ఎంతమందికి స్ట్రోక్ వచ్చింది అని. చిరాకు పడితే అదీ ఒక జవాబే.

అరవై_దాటాక
నాకు చేశారు ఈ ఆపరేషన్, కుడి పక్క. నాకైతే ముందు ఎడమ చెయ్యి పడిపోయి గంటలో తిరిగొచ్చింది, అందుకని ఆలోచించడానికేం లేదు. మెలకువగా ఉండగానే చేశారు, మెడకి మాత్రం మత్తిచ్చారు. ఎడమ చేతిలో పిల్లలాడుకునే కీచు బొమ్మ ఒకటి పెట్టి, నొక్కమన్నప్పుడల్లా నొక్కండి అన్నారు. నాళానికి క్లాంప్ వేసి రక్తం ఆపినప్పుడు మెదడుకి సరిపోతోందో లేదో వాళ్లకి తెలిసేది ఆ కీచుతోనే. గుడ్డ కప్పేసి ఉంటుంది, ఏమీ కనపడదు, పైన డాక్టర్లు మాట్లాడుకుంటుంటారు, నేను కింద కీచు కీచు. ఓసారి చెప్పకుండానే నొక్కేశా, అమ్మా అవసరం లేదు అన్నారు. చెయ్యి బలహీనపడి ఉంటే షంట్ అని చిన్న గొట్టం పెట్టేవాళ్లంట, నాకు అవసరం పడలేదు. పూర్తి మత్తులో కూడా చేస్తారు, రెండింటికీ ఫలితంలో తేడా లేదని మా డాక్టర్ చెప్పాడు. చెవి తమ్మె కింద ఇప్పటికీ మొద్దుగానే ఉంటుంది, చెవిపోగు పెట్టుకుంటే తగిలినట్టే ఉండదు.

మౌనిక_కె
కీచు బొమ్మా!! ఇది ఏ డాక్టరూ చెప్పడు

బాపు_బిడ్డ
మా బాపుకు గూడ మెడల బ్లాకే. కాకపోతే ఒక పక్క మొత్తం 100 శాతం మూసుకపోయింది. మేం ఆపరేషన్ ఆపరేషన్ అని తిరిగినం, డాక్టరేమో పూర్తిగ మూసుకపోయినదాన్ని ముట్టుకోను, అవతలి పక్క నుంచి మెదడు అడుగున ఉన్న నరాల చుట్టలకెళ్లి రక్తం అందుతున్నది, దాన్ని కాపాడుకుందాం అన్నడు. మాకు సమజ్ గాలె, 70 ఉంటె కోస్తరు 100 ఉంటె కొయ్యరా అని. ఇప్పుడు ఈ డాప్లర్ అన్న రాసింది చదివినంక తెలిసింది, ముక్క ఇరిగి పోవాలంటే ముందుగల అండ్ల రక్తం పారాలె గద.

డాప్లర్_బాబు
కరెక్ట్‌గా పట్టుకున్నావు తమ్మీ. దాదాపు మూసుకుపోయి సన్నటి దారం లాగా ఉన్నవాటి సంగతి వేరే, అక్కడ డాక్టర్లు కూడా మల్లగుల్లాలు పడతారు.

పక్కింటి_పంతులు
ఇవన్నీ ఎందుకండీ, డ్రిప్ పెట్టి నరాలు మొత్తం కడిగేసే ట్రీట్‌మెంట్ ఉందట, చిలేషన్ అంటారట. కోత లేదు గీత లేదు. మా ఫ్రెండ్ పంపిన వీడియోలో బ్లాక్ 80 నుంచి 20కి వచ్చిందని చూపించారు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
పంతులు గారూ, ఆ వీడియో దయచేసి ఇంకెవరికీ పంపకండి. ఆ డ్రిప్పు సీసం లాంటివి ఒంట్లో చేరినవాళ్లకి వాడే మందు. గుండెకి పనిచేస్తుందేమోనని పెద్ద స్టడీయే చేశారు, గుండెపోటు వచ్చిన షుగర్ పేషంట్ల మీద, 2024లో ఫలితం వచ్చింది, లాభం లేదని. మెడలో బ్లాక్ కరిగినట్టు ఎక్కడా లేదు. కాల్షియం బాగా పడిపోతే ప్రాణం మీదకి వస్తుంది.

బీపీ_బాసు
మందులంటే ఏమిటో ఎవరూ విడమర్చలేదు. లక్షణాలున్నా లేకున్నా, కోసినా కొయ్యకున్నా ఇవి తప్పవు. గడ్డ కట్టకుండా ఆస్పిరిన్ లేదా క్లోపిడోగ్రెల్, స్టాటిన్ గట్టి డోసులో, అటోర్వా 40-80 లేదా రోసువా 20-40, ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్ 70 లోపు, బీపీ 130/80 లోపు, షుగర్ అదుపు, సిగరెట్ బంద్. స్టాటిన్‌తో 70 లోపుకి రాకపోతే ఎజెటిమైబ్ కలుపుతారు. స్టాటిన్ పని కొలెస్ట్రాల్ తగ్గించడం ఒక్కటే కాదు, ప్లాక్ మీద పొర గట్టిపడి పగలకుండా ఉంటుంది. అందుకే కొలెస్ట్రాల్ నార్మల్ వచ్చింది కదా ఇక ఆపేద్దాం అనకూడదు.

మౌనిక_కె
అమ్మకి స్టాటిన్ వేస్తే తొడలు నొప్పులు అని మానేసింది. లివర్ పోతుందని ఎవరో గ్రూపులో పెట్టారంట, దాంతో సగం భయం. మళ్లీ మొదలుపెట్టించడం ఎలా?

పాత_రేడియో
2020లో ఒక తమాషా స్టడీ వచ్చింది. స్టాటిన్ పడక మానేసినవాళ్లనే తీసుకుని, కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్త మాత్ర, కొన్ని నెలలు ఏమీ లేకుండా, ఏది ఏదో చెప్పకుండా ఇచ్చారు. స్టాటిన్ నెలల్లో పడ్డ బాధలో 90 శాతం ఉత్త మాత్ర నెలల్లోనూ పడ్డారు. నొప్పి అబద్ధం కాదు, నిజంగానే నొప్పి, కానీ చాలావరకు మందు వల్ల కాదు. అందులో సగం మంది ఆ తర్వాత మళ్లీ మొదలుపెట్టారు. అయినా సీకే టెస్ట్ ఒకటి చేయించండి, నిజంగా కండరం దెబ్బతింటే అందులో తెలుస్తుంది. డోసు తగ్గించి గానీ, రకం మార్చి గానీ మెల్లగా పెంచుతారు.

కోడింగ్_కష్టాలు
అందరికీ థాంక్స్. కానీ ఇప్పుడే ఒకటి తెలిసింది, చేతులు వణుకుతున్నాయి టైప్ చేస్తుంటే. ఈ పోస్టులన్నీ అమ్మకి చదివి వినిపిస్తున్నా. బీపీ బాసు అన్న లిస్ట్ దగ్గరికి రాగానే ఆగమంది. మొన్న కొరియర్ వాడొస్తే నాన్న సంతకం పెట్టబోయాడంట, పెన్ను జారి కిందపడింది, తీసి మళ్లీ పట్టుకున్నాడు మళ్లీ జారింది, మూడోసారి పెట్టిన గీత కాగితం దాటి వాడి చేతి మీదకి పోయిందంట. అమ్మే సంతకం పెట్టి పంపించింది. పావుగంటలో మామూలైపోయాడు. రాత్రి చెయ్యి కింద పెట్టుకుని పడుకున్నా, తిమ్మిరెక్కింది, అబ్బాయికి చెప్పకు అన్నాడంట. ఎందుకంటే అప్పటికే సర్జన్ ఆపరేషన్ అన్నాడు కదా. కుడి చెయ్యి.

బీపీ_బాసు
ఎడమ కరోటిడ్, కుడి చెయ్యి. కుడి చేతిని ఆడించేది మెదడు ఎడమ పక్కే. కంప్యూటర్ మూసేసి బయల్దేరు. ఇప్పుడే. న్యూరాలజీ, సీటీ, ఎంఆర్ఐ ఉన్న ఆస్పత్రి ఎమర్జెన్సీకి. రేపు ఓపీ అపాయింట్‌మెంట్ కాదు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
అదే. ఇది మినీ స్ట్రోక్, టీఐఏ అంటారు, కాదని డాక్టర్ తేల్చేదాకా అదే అనుకోవాలి. తర్వాత పెద్దది వచ్చే ప్రమాదం మొదటి రెండ్రోజుల్లో అన్నిటికంటే ఎక్కువ, మొదటి వారం దాకా బాగా ఉంటుంది. అక్కడ చెప్పాల్సినవి: ఎప్పుడు జరిగింది, ఎంతసేపు, ఏ చెయ్యి, డాప్లర్ రిపోర్ట్, వేసుకునే మాత్రల కవర్లన్నీ. అమ్మగారిని కూడా తీసుకెళ్లండి, చూసింది ఆవిడే, మీ నాన్నగారు అక్కడ కూడా తిమ్మిరే అంటారు. ఆస్పిరిన్ లాంటివి సొంతంగా మొదలుపెట్టొద్దు, ముందు స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలాలి. దారిలో మళ్లీ చెయ్యి పడిపోయినా, మాట పోయినా టైం చూసి రాసుకోండి, గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటలే గడువు.

పక్కింటి_పంతులు
చెయ్యి మీద పడుకుంటే తిమ్మిరి అందరికీ వస్తుంది కదండీ, పాపం పిల్లాడిని హడలగొడుతున్నారేమో.

నైట్‌డ్యూటీ_సిస్టర్
పడుకుని లేచినప్పుడు వస్తుంది, కొరియర్ వచ్చిన టైంలో రాదు. అయినా అది తిమ్మిరా కాదా అన్నది మనం ఇక్కడ కూర్చుని తేల్చేది కాదు పంతులు గారూ.

పాత_రేడియో
ఇంతసేపు నేను చెప్పిన క్రెస్ట్-2, ఏసీఎస్‌టీ అన్నీ పక్కన పెట్టెయ్యి బాబూ. మీ నాన్న ఇప్పుడు నాసెట్ గుంపులోకి వచ్చాడు. 26కి 9 గుంపు. అందులోనూ ఆపరేషన్ రెండు వారాల్లోపు చేస్తేనే అసలు లాభం, లేటయ్యే కొద్దీ తగ్గిపోతుంది.

చిన్నోడు_77
నా ఓటు వెనక్కి తీసుకుంటున్నా. వెళ్లు బ్రో

అరవై_దాటాక
ఏమైందో రాయి నాయనా. నీకు తీరిక దొరికినప్పుడే.

కోడింగ్_కష్టాలు
అడ్మిట్ చేశారు. ఎంఆర్ఐలో ఎడమ పక్క చిన్న చిన్న తెల్ల చుక్కలు మూడు నాలుగు ఉన్నాయి, రక్తం అందక దెబ్బతిన్న చోట్లంట, కొత్తవే అన్నారు. ఈసీజీ, గుండె స్కాన్ బాగున్నాయి, గుండె లయ తప్పుతోందేమోనని మానిటర్ పెట్టి చూస్తున్నారు, అది ఉంటే మందు వేరేనంట. సీటీ యాంజియోలో బ్లాక్ 80 దాకా ఉంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ మొదలుపెట్టారు, అటోర్వా 80. న్యూరాలజిస్ట్, వాస్కులర్ సర్జన్ ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నారు, ఈ వారంలో ఆపరేషన్. నాన్న మా మీద అలిగి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అమ్మని అప్రూవర్ అంటున్నాడు.

చిన్నోడు_77
అప్రూవర్ హహ. అంకుల్ ఫామ్‌లోనే ఉన్నారు

మౌనిక_కె
స్టెంట్ అడగలేదా? కోత లేకుండా పోతుంది కదా

కోడింగ్_కష్టాలు
అడిగా. లక్షణాలు వచ్చిన కొత్తలో, 70కి దగ్గర పడిన వయసులో స్టెంట్‌తో స్ట్రోక్ రిస్క్ ఆపరేషన్ కంటే ఎక్కువ అన్నారు, వంకర టింకరగా ఉన్న నాళంలో వైరు పోనిచ్చేటప్పుడే ముక్కలు లేస్తాయంట. గుండె బాగా బలహీనంగా ఉన్నా, మెడకి ముందే రేడియేషన్ పడినా అప్పుడు స్టెంట్ వైపు చూస్తాం, మీ నాన్నకి ఆ రెండూ లేవు అన్నారు.

బీపీ_బాసు
సరిగ్గా చెప్పారు. ఎసిడిటీకి ఏదైనా వేసుకుంటున్నారా ఆయన? ఒమెప్రజోల్ అయితే క్లోపిడోగ్రెల్ పని తగ్గిస్తుంది, పాంటోప్రజోల్‌కి మార్చమని అడుగు. బీపీ కూడా ఆపరేషన్ ముందు మరీ ఎక్కువ దించెయ్యరు, ఇరుకు సందులోంచి మెదడుకి రక్తం చేరాలి కదా, 150 ఉందేంటి అని నర్సుల మీద అరవకు.

కోడింగ్_కష్టాలు
ఒమెప్రజోలే అన్నా! ఇక్కడ మాత్రల లిస్ట్ రాసుకున్నప్పుడు ఎవరూ పట్టుకోలేదు. ఇప్పుడే డ్యూటీ డాక్టర్‌కి చెప్పి వచ్చా.

బాపు_బిడ్డ
గందుకే ఈ గ్రూప్ల ఉంట నేను.

కోడింగ్_కష్టాలు
ఆపరేషన్ అయింది. పూర్తి మత్తులోనే చేశారు, కీచు బొమ్మ లేదు అరవై గారూ. నాళం తెరిచి లోపలి ప్లాక్ వలిచి తీసి, ప్యాచ్ వేసి కుట్టారు. తీసిన ముక్క డబ్బాలో పెట్టి చూపించారు, పసుప్పచ్చగా, రెండుగా చీలిన కొమ్మ ఆకారంలో, పైన నల్లగా గడ్డ అంటుకుని. నాన్న దాన్ని చాలాసేపు చూశాడు, ఏం మాట్లాడలేదు. గొంతు బొంగురుగా ఉంది, నాలుక కొంచెం ఎడమకి పోతోంది. సంతకం మాత్రం గట్టిగా పెట్టాడు, డిశ్చార్జ్ కాగితం మీద, కావాలని పెద్దగా.

అరవై_దాటాక
గొంతు, నాలుక కంగారు పడకు, అక్కడ దగ్గర్లో ఉన్న నరాల్ని పక్కకి లాగుతారు, చాలామందికి వారాల్లో నెలల్లో సర్దుకుంటుంది. మింగేటప్పుడు దగ్గొస్తే మాత్రం చెప్పు వాళ్లకి.

నైట్‌డ్యూటీ_సిస్టర్
ఇంటికెళ్లాక రోజూ బీపీ చూడండి, ఇప్పుడు పెరగకూడదు. ఆపరేషన్ చేసిన పక్క తలపోటు గట్టిగా వచ్చినా, అయోమయంగా మాట్లాడినా, ఫిట్స్ వచ్చినా వెంటనే తీసుకురండి. ఇన్నాళ్లూ రక్తం తక్కువ అందిన చోటికి ఒక్కసారిగా ఎక్కువ వెళ్తే అలా అవుతుంది, మొదటి నెలలో జాగ్రత్త. మెడ ఒక్కసారిగా వాచి ఊపిరి ఇబ్బందైతే అంబులెన్సే.

మౌనిక_కె
ఇదంతా చదివాక నాకూ మా ఆయనకీ డాప్లర్ చేయించాలనిపిస్తోంది. ఇద్దరికీ నలభై దాటాయి.

డాప్లర్_బాబు
నా పొట్ట కొట్టుకునే మాట చెప్తున్నా, అవసరం లేదు. లక్షణాలు లేని మామూలు మనుషులందరికీ ఈ స్కాన్ చెయ్యొద్దని అమెరికా ప్రివెంటివ్ టాస్క్ ఫోర్స్ 2014లో చెప్పింది, 2021లో మళ్లీ చెప్పింది. వందల మందికి చేస్తే లేని బ్లాకులు ఉన్నట్టు కనపడటం, దాని మీద యాంజియోలు, అక్కర్లేని ఆపరేషన్లు, చివరికి ఆపరేషన్ వల్ల స్ట్రోకులు. బీపీ, ఎల్‌డీఎల్, షుగర్ చూపించుకోండి చాలు.

మౌనిక_కె
మరి ఈ అంకుల్‌ది అలాగే కదా దొరికింది?

డాప్లర్_బాబు
దొరికింది స్కాన్‌లో, కానీ ఆయన్ని ఆస్పత్రికి చేర్చింది పెన్ను మేడం. రిపోర్ట్ ఒక్కటే ఉన్నప్పుడు ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పారు కదా. కాళ్ల నరాల్లో బ్లాకులున్నా, స్టెతస్కోప్ పెడితే మెడలో బుస్సు శబ్దం వినపడినా, షుగరూ సిగరెట్టూ రెండూ ఉన్న పెద్దవాళ్లయినా అది వేరు, అప్పుడు డాక్టర్ రాస్తే చేయించుకోవడంలో అర్థం ఉంది.

పక్కింటి_పంతులు
మా బావమరిదిని చెవి డాక్టర్‌కి చూపించాం. చెవి లోపల ఏవో పలుకులు కదిలాయట, తల పట్టుకుని అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టారు, తిరగడం ఆగిపోయింది. సిస్టర్ గారికి చెప్పమన్నాడు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
చాలా సంతోషం. స్టెంట్ వేశారు కాబట్టి ఆ మాత్రలు మాత్రం ఆపనివ్వకండి, పళ్ల డాక్టర్ ఆపమన్నా సరే ముందు స్టెంట్ వేసినాయన్ని అడగాలి.

కోడింగ్_కష్టాలు
లాస్ట్ డౌట్. మళ్లీ డాప్లర్ ఎప్పుడు చేయించాలి, కుడి పక్క 50 లోపు ఉన్నదాని సంగతేంటి? సిగరెట్ విషయం కూడా, నాన్న ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులు తాగలేదు, ఇంటికొచ్చాక చేతులు అటూ ఇటూ పోతున్నాయి.

బీపీ_బాసు
నికోటిన్ ప్యాచో గమ్మో డాక్టర్‌ని అడిగి పెట్టించు, ఉత్త పట్టుదల మీద వదిలెయ్యకు. ఆస్పత్రిలో మానేసిన ఊపులోనే పట్టుకోవాలి. మీరెవరూ కూడా ఆయన పక్కన కాల్చొద్దు.

డాప్లర్_బాబు
నెల లోపల ఒకటి, ఆర్నెల్లకి ఒకటి, తర్వాత ఏడాదికోసారి, ప్రతిసారీ రెండు పక్కలా. మొదటి రెండేళ్లలో లోపల మచ్చకట్టి మళ్లీ ఇరుకవడం కొందరిలో ఉంటుంది, దాన్ని పట్టుకోవడానికి. కుడి పక్కదానికి ఆ మందులే మందు. వీలైతే ఎప్పుడూ ఒకే చోట, ఒకే మెషిన్ మీద చేయించండి, చోటు మారితే అంకెలు మారతాయి, మళ్లీ మీరు ఇక్కడికొచ్చి ఇంకో థ్రెడ్ పెడతారు.